సొరుగు పట్టేస్తోందా? ఛానల్ కొనే ముందు టేపు తీయండి

వంటింట్లో చెంచాల సొరుగును రోజుకు ఎన్నిసార్లు లాగుతామో లెక్కపెట్టలేం. అది సగంలో పట్టేయడం, ఒక పక్కకు వాలడం, ఎంత నెట్టినా వేలెడు బయటే ఉండిపోవడం మొదలైతే వెంటనే వచ్చే మాట "ఛానల్ పోయింది, కొత్తది వేయాలి". సొరుగు ముందుకూ వెనక్కీ జారేందుకు పక్కల బిగించే రేకులే ఈ ఛానల్. నేనూ తప్పు దానిదే అనుకుని రాసుకునే బల్లకు రెండుసార్లు ఛానళ్లు మార్చాను. కొత్తవి వేసిన వారానికే సొరుగు మళ్లీ పట్టేసింది. చివరికి బల్లను గోడ దగ్గర నుంచి జరిపి చూస్తే వెనక పల్చటి చెక్కకు మేకులు ఊడిపోయి ఉన్నాయి. బల్లను మూలమట్టంగా నిలబెట్టేది ఆ చెక్కే. అది వదులవగానే బల్ల మొత్తం కొద్దిగా ఒక పక్కకు ఒరిగింది. నాలుగు స్క్రూలతో దాన్ని మళ్లీ బిగించాక, పాడైపోయాయని తీసి పక్కన పెట్టిన పాత ఛానళ్లే హాయిగా నడిచాయి.

అందుకే ఛానల్ ఎలా బిగించాలో చెప్పే ముందు, అసలు తేడా ఎక్కడుందో పట్టుకోవడం గురించి చెబుతాను. సొరుగు దూరే చోటును ఇక్కడ గూడు అంటున్నాను. అది బల్లదైనా, బీరువాదైనా, వంటింటి గట్టు కిందిదైనా సరే.

ముందు తేడా ఎక్కడుందో చూడండి

సొరుగును పూర్తిగా ఖాళీ చేసి లాగి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు బాగా కదిలి, నింపగానే మొరాయిస్తే బరువు ఎక్కువైందన్న మాట, లేదా అడుగు పలక కుంగింది. సొరుగు కింద చెయ్యి పెట్టి తడిమి చూడండి. అడుగు పలక గాడిలోంచి జారి కింది సొరుగుకు రాసుకుంటుంటే ఛానల్‌ను ముట్టుకోవాల్సిన పనే లేదు. పలకను మళ్లీ గాడిలోకి ఎక్కించి, జిగురు పెట్టి, లోపలి మూలల్లో చిన్న చెక్క ముక్కలు ఆనించి స్క్రూ వేస్తే సరిపోతుంది.

చప్పుడు కూడా చాలా చెబుతుంది. ప్రతిసారీ ఒకే చోట 'టక్'మని తగిలితే ఏదో స్క్రూ తల బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. లాగినంత సేపూ గరగరమంటే లోపల దుమ్మో చెక్కపొట్టో చేరింది. ఛానల్లో రేకులు జారేందుకు ఉండే చిన్న గుండ్లు, అంటే బాల్స్, కొన్ని రాలిపోయినా, రేకు వంగినా మాత్రం బాగుచేయాలని చూడకండి. ఆ ఛానల్ పని అయిపోయినట్టే. అప్పుడు జత మొత్తం మార్చాలి. ఒక పక్క పాతది, ఒక పక్క కొత్తది వేస్తే రెండూ సమంగా నడవవు.

సొరుగు తనంతట తానే తెరుచుకుంటుంటే గూడు ముందుకు వాలి ఉంది. మట్టం చూసే స్పిరిట్ లెవెల్ పెట్టి చూసి, ముందు కాళ్ల కింద పల్చటి చెక్క ముక్క పెట్టండి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే గూడు మెలి తిరుగుతుంది. అప్పుడు ఎంత మంచి ఛానల్ వేసినా పట్టేస్తుంది.

ఇక సాఫ్ట్ క్లోజ్ ఛానల్ ఉన్నవాళ్లకు ఒక మాట. సొరుగు ఉన్నట్టుండి నాలుగు సెంటీమీటర్లు బయటే ఆగిపోతే టెన్షన్ పడకండి. మెల్లగా లోపలికి లాక్కునే కొక్కెం తన చోటు నుంచి తప్పుకుని ముందే వెనక్కి పోయి ఉంటుంది. సొరుగును ఒక్కసారి గట్టిగా, తిన్నగా చివరిదాకా నెట్టండి. కొక్కెం మళ్లీ పట్టుకుంటుంది.

పాత సొరుగును బయటికి తీయడం

ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది బాల్ బేరింగ్‌తో నడిచే టెలిస్కోపిక్ ఛానల్. ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు రేకులు ఉంటాయి. బయటిది గూటికి, లోపలిది సొరుగుకు బిగిస్తారు, మధ్యది రెండింటి మధ్య జారుతుంది. సొరుగును చివరిదాకా లాగితే రెండు పక్కలా నల్లటి ప్లాస్టిక్ మీట కనిపిస్తుంది. ఒక పక్క మీటను పైకి ఎత్తాలి, రెండో పక్క దాన్ని కిందికి నొక్కాలి. రెండూ ఒకే దిక్కున కదలవు. కుడికీ ఎడమకూ ఒకే ఛానల్‌ను తిరగేసి వాడతారు కాబట్టి మీట కూడా తిరగబడుతుంది. ఇది తెలియక రెండు మీటల్నీ పైకే లాగి విరగ్గొట్టేస్తుంటారు. రెండూ ఒకేసారి పట్టుకుని సొరుగును మీవైపు లాగితే ఊడి వస్తుంది.

తెల్లటి లేదా మీగడ రంగు రేకు, ప్లాస్టిక్ చక్రం ఉన్న రోలర్ ఛానల్ అయితే మీట ఉండదు. చివరిదాకా లాగి, ముందు వైపు పైకెత్తితే చక్రం గాడి దాటి వచ్చేస్తుంది.

కొత్త ఛానల్ కొనేటప్పుడు

ఛానల్ పొడవు అంటే మూసి ఉన్నప్పటి పొడవు. 250, 300, 350, 400, 450, 500 మి.మీ. ఇలా యాభై చొప్పున పెరుగుతాయి. గూడు లోతును ముందు అంచు నుంచి వెనక చెక్క దాకా కొలిచి, అందులో పట్టేదాని కన్నా ఒక సైజు తక్కువైనా పర్వాలేదు గానీ బిర్రుగా ఇరికేది వద్దు. లోతు 480 ఉంటే 450 తీసుకోండి. పాత ఛానల్ ఉంటే దాన్ని వెంట తీసుకెళ్లడం అన్నిటికన్నా మంచిది.

45 మి.మీ. వెడల్పున్న మామూలు టెలిస్కోపిక్ ఛానల్ జత 35 నుంచి 45 కిలోల దాకా మోస్తుందని డబ్బా మీద రాస్తారు. ఆ లెక్క జతకు, ఒక్కో ఛానల్‌కు కాదు. అందులో సొరుగు సొంత బరువూ కలుస్తుంది. పుస్తకాలు, పనిముట్లు పెట్టే సొరుగైతే అంతకన్నా ఎక్కువ మోసేది అడగండి. సొరుగు పూర్తిగా బయటికి రావాలంటే ఫుల్ ఎక్స్‌టెన్షన్ అని చూసుకోండి. రోలర్ ఛానళ్లు సాధారణంగా ముప్పావు వంతే తెరుచుకుంటాయి, వెనక పెట్టిన వస్తువుల కోసం చెయ్యి దూర్చి వెతుక్కోవాలి. హ్యాండిల్ లేకుండా నొక్కితే తెరుచుకునే రకమూ ఉంది. దానికి ముందు పలక లోపలికి కదిలేందుకు కొన్ని మిల్లీమీటర్ల సందు వదలాలి.

అసలు పని కొలతే

ఈ పనిలో నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. డ్రిల్లు పట్టుకోవడం పది నిమిషాల పని.

పక్కన బిగించే టెలిస్కోపిక్ ఛానల్‌కు గూటికీ సొరుగుకూ మధ్య ఒక్కో పక్క 12.7 మి.మీ., అంటే అర అంగుళం ఖాళీ కావాలి. రెండు పక్కలూ కలిపితే 25.4. నేను 26 వదులుతాను. గూడు లోపలి వెడల్పు 450 ఉంటే సొరుగు బయటి వెడల్పు 424 ఉండాలి. ఖాళీ తక్కువైతే బాల్స్ మీద ఒత్తిడి పడి సొరుగు బిగుస్తుంది. ఎక్కువైతే స్క్రూలు బిగించేకొద్దీ రేకులు పక్కకు లాగబడి వంగిపోతాయి, కొన్నాళ్లకు బాల్స్ రాలతాయి. ఒకటి రెండు మిల్లీమీటర్లే కదా అని వదిలేయకండి. సొరుగు బతుకు ఆ రెండు మిల్లీమీటర్లలోనే ఉంది.

గూడు వెడల్పును ముందు, మధ్యలో, వెనక, మూడు చోట్లా కొలవండి. మూడూ ఒకటే రావాలి. ముందు 450, వెనక 447 వస్తే గూడు వెనక్కి పోయేకొద్దీ ఇరుకవుతోంది. సొరుగు లోపలికి వెళ్లేకొద్దీ బిగుసుకునే జబ్బుకు మూలం ఇదే. అప్పుడు ముందు వైపు ఛానల్ వెనక పల్చటి ముక్క వేసి రెండు పక్కల్నీ సమాంతరం చేయాలి. సొరుగును కూడా అలాగే ముందూ వెనకా కొలవండి. తర్వాత ఒక మూల నుంచి ఎదురు మూలకు, రెండో మూల నుంచి దాని ఎదురు మూలకు టేపు పట్టండి. రెండు కొలతలూ సమానమైతే సొరుగు మూలమట్టంగా ఉన్నట్టు. తేడా ఉంటే పొడవు వచ్చిన మూలల్ని క్లాంపుతో దగ్గరికి నొక్కి, అడుగు పలకను మళ్లీ బిగించాలి.

సొరుగు వెడల్పు తక్కువై ఖాళీ మిగిలితే ఛానల్ వెనక లామినేట్ ముక్కో పల్చటి ప్లైవుడ్ పట్టీయో వేయండి. అది ఛానల్ పొడవంతా ఉండాలి. స్క్రూ దగ్గర మాత్రమే వాషర్ పెడితే బిగించగానే రేకు అక్కడ వంగుతుంది. సొరుగు వెడల్పు ఎక్కువైతే, గట్టి చెక్కదో ప్లైవుడ్‌దో అయితే పక్కలకు కాస్త చిత్రిక పట్టొచ్చు. లామినేట్ అతికించిన సొరుగుకు అది కుదరదు, విప్పి చిన్నది చేయాల్సిందే.

పాత చిల్లులు వదులైతే

పాత ఛానల్ తీశాక స్క్రూ చిల్లులు పెద్దవైపోయి కనిపిస్తాయి, ముఖ్యంగా చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసే పార్టికల్ బోర్డులో. అదే చిల్లులో ఇంకాస్త లావు స్క్రూ వేస్తే కొన్నాళ్లే ఆగుతుంది. చిన్న సొరుగైతే అగ్గిపుల్లలు జిగురులో ముంచి చిల్లు నిండేలా దూర్చి, ఆరాక అంచుకు సమంగా కోసేయండి. బరువు మోసే సొరుగైతే 8 మి.మీ. బిట్‌తో చిల్లును శుభ్రంగా పెద్దది చేసి, అదే లావు గుండ్రటి చెక్క మేకును జిగురుతో దిగ్గొట్టండి. గూడు పక్క పలకను అవతలికి పొడిచేయకుండా లోతు చూసుకోండి. రాత్రంతా ఆరనిచ్చి మర్నాడు అందులో కొత్త చిల్లు వేయాలి. ఈ ఒక్క రాత్రి ఓపిక లేక ఆరని జిగురులో స్క్రూ వేస్తే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

గూటికి బిగించడం

ఛానల్‌లోంచి సొరుగు వైపు రేకును మీట నొక్కి విడదీయండి. ఏ రేకు ఎటు పక్కదో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

ఎత్తు లెక్క ఇలా వేయండి. సొరుగు పక్క పలక మీద, కింది అంచు నుంచి 60 మి.మీ. ఎత్తులో ఛానల్ మధ్య గీత గీశారనుకుందాం. సొరుగు కింద 12.5 మి.మీ. ఖాళీ వదలాలనుకుంటే గూటిలో గీత 72.5 దగ్గర రావాలి. ఛానల్ వెడల్పు 45, అందులో సగం 22.5. అది తీసేస్తే ఛానల్ కింది అంచు సరిగ్గా 50 దగ్గర ఉంటుంది. ఇప్పుడు 50 మి.మీ. ఎత్తున్న చెక్క పట్టీ ఒకటి కోసి గూటి అడుగున నిలబెట్టి, దాని మీద ఛానల్‌ను ఆనించి బిగించండి. అదే పట్టీని రెండో పక్కకు మార్చండి. గీతలు గీసి రెండు పక్కలా కలపాలని చూస్తే ఎంత జాగ్రత్తపడినా ఒక మిల్లీమీటరు తేడా వస్తుంది. ఒకే పట్టీ మీద రెండూ నిలబడితే తేడాకు చోటే లేదు. ఒకదాని కింద ఒకటి మూడు నాలుగు సొరుగులుంటే పై సొరుగు ఎత్తుకు సరిపోయే పొడవాటి పట్టీతో మొదలుపెట్టి, దాన్నే పొట్టిగా కోసుకుంటూ కిందికి రండి.

ముందు అంచు నుంచి ఎంత లోపలికి బిగించాలన్నది ముందు పలకను బట్టి ఉంటుంది. పలక గూటి అంచును కప్పేలా బయట ఉంటే 2 నుంచి 3 మి.మీ. లోపలికి చాలు. పలక గూటిలోకి ఇమిడిపోయే రకమైతే పలక మందం కూడా కలపాలి. 18 మి.మీ. పలక అయితే ఛానల్ 20 మి.మీ. లోపల మొదలవుతుంది.

ఛానల్‌లో గుండ్రటి చిల్లులు, పొడవాటి చిల్లులు రెండూ ఉంటాయి. మొదట పొడవాటి వాటిలోనే, ముందొకటి వెనకొకటి, రెండే స్క్రూలు వేయండి. సర్దుబాటుకు చోటు అదే. గుండ్రటి చిల్లులు చివరికి ఉంచండి.

18 మి.మీ. పలకకు 3.5 లావు, 16 పొడవున్న స్క్రూ సరిపోతుంది. ముందుగా 2 నుంచి 2.5 మి.మీ. బిట్‌తో సన్నటి చిల్లు వేయండి. ఎంత లోతు దిగాలో అక్కడ బిట్‌కు టేపు చుట్టుకుంటే పలక అవతలికి పొడిచే భయం ఉండదు. పార్టికల్ బోర్డుకు చివరి రెండు తిప్పులు చేత్తోనే తిప్పండి, మెషీన్‌తో బిగిస్తే లోపల పొడి పొడి అయిపోతుంది. స్క్రూ తల రేకులో పూర్తిగా కూర్చోవాలి. ప్రతి స్క్రూ వేశాక మధ్య రేకును ఒకసారి జరిపి చూడండి, ఎక్కడా తగలకూడదు. డ్రిల్లు చేసిన పొట్టు ఛానల్‌లో పడితే మాత్రం అక్కడే ఆగి బ్రష్‌తో దులిపేయండి. కొత్త ఛానల్ మొదటి రోజే గరగరమనడానికి కారణం ఆ పొట్టే.

సొరుగుకు బిగించి లోపలికి ఎక్కించడం

సొరుగు మీద గీసిన గీత ఛానల్ చిల్లుల మధ్యలోంచి కనిపించేలా రేకును పెట్టి, ముందు అంచుకు సమంగా చూసి బిగించండి. ఇక్కడ నిలువుగా ఉన్న పొడవాటి చిల్లుల్లో స్క్రూలు వేస్తే సొరుగును తర్వాత పైకీ కిందికీ కొద్దిగా జరపొచ్చు. సొరుగు పక్కలు 12 మి.మీ. మందమే ఉంటే 10 మి.మీ. స్క్రూలే వాడండి. పొడుగువి లోపలికి పొడుచుకొచ్చి చెయ్యి గీసుకుపోతుంది.

ఎక్కించేటప్పుడు తొందర వద్దు. బాల్స్‌ను పట్టి ఉంచే సన్నటి రేకు ఒకటి మధ్య భాగంలో అటూ ఇటూ జారుతుంటుంది. దాన్ని రెండు పక్కలా పూర్తిగా ముందుకు, మీవైపు లాగి పెట్టండి. సొరుగును రెండు చేతులతో నేలకు సమాంతరంగా పట్టుకుని, రెండు రేకులూ ఒకేసారి ఆ బాల్స్ మధ్యలోకి దూరేలా మెల్లగా నెట్టండి. సరిగ్గా దూరితే మెత్తగా జారుతుంది. రాయిలా ఆగితే బలం పెట్టకండి, వెనక్కి తీసి మళ్లీ చూడండి. బలవంతంగా నెడితే ఆ సన్న రేకు నలిగి బాల్స్ జలజలా రాలిపడతాయి, కొత్త ఛానల్ ఒక్క క్షణంలో పాడవుతుంది. సరిగ్గా దూరాక చివరి కొన్ని సెంటీమీటర్లలో కాస్త బిగువు తగలడం మామూలే. మూడు నాలుగుసార్లు పూర్తిగా మూసి తెరిస్తే బాల్స్ రేకులు తమ చోట్లోకి సర్దుకుంటాయి.

ఇప్పుడు చూడండి. ఒక పక్క ముందుగా తగిలి రెండో పక్క ఆలస్యమైతే గూటిలో ఒక ఛానల్ ముందుకో వెనక్కో ఉంది. దాని స్క్రూలు వదులు చేసి పొడవాటి చిల్లుల మేర జరపండి. సొరుగు ముందు భాగం ఒక మూల కిందికి దిగి ఉంటే సొరుగు వైపు రేకును సర్దండి. అంతా కుదిరాకే గుండ్రటి చిల్లుల్లో మిగిలిన స్క్రూలు వేసి ఖాయం చేయండి.

ముందు పలక

ఇంటికి వచ్చినవాళ్ల కళ్లకు కనిపించేది ఇదొక్కటే. పలకల మధ్య సందు అన్ని చోట్లా ఒకేలా, 2 నుంచి 3 మి.మీ. ఉంటే చాలు, పని నీటుగా కనిపిస్తుంది. ఆ మందం వచ్చేలా పాత ప్లాస్టిక్ కార్డులు మూడు నాలుగు కలిపి పలకల మధ్య దూర్చుకోండి. పలక వెనక రెండు వైపులా జిగురుండే టేపు అతికించి, సొరుగు ముఖానికి నొక్కి నిలబెట్టండి. తర్వాత సొరుగును మెల్లగా తెరిచి లోపలి నుంచి స్క్రూలు వేయండి. సొరుగు ముఖం మీద చిల్లు స్క్రూ కన్నా కాస్త వెడల్పుగా వేసి, స్క్రూ తల కింద వాషర్ పెడితే తర్వాత పలకను ఒకటి రెండు మిల్లీమీటర్లు జరుపుకోవచ్చు. హ్యాండిల్ చివర్లోనే.

రోలర్ ఛానల్, అడుగున బిగించే ఛానల్

రోలర్ ఛానల్‌కు కూడా ఒక్కో పక్క సుమారు 12.5 మి.మీ. ఖాళీయే కావాలి. కానీ కుడి ఎడమలు వేరు. రేకుల మీద సీఎల్, సీఆర్, డీఎల్, డీఆర్ అని ఇంగ్లిష్ అక్షరాలుంటే సీ గూటిది, డీ సొరుగుది, ఎల్ ఎడమ, ఆర్ కుడి. సొరుగు రేకు కింది అంచును పట్టుకుని ఉంటుంది, దాని చక్రం వెనక ఉండాలి. గూటి రేకు చక్రం ముందు ఉండాలి.

సొరుగు అడుగున దాగి ఉండే అండర్‌మౌంట్ ఛానల్ అందంగా ఉంటుంది, కానీ సొరుగును దానికి తగ్గట్టే కొత్తగా చేయించాలి. అడుగు పలక, సొరుగు పక్క పలకల కింది అంచు కన్నా, చాలా రకాల్లో 13 మి.మీ. దాకా, పైకి ఉండాలి. వెనక చెక్కకు కొక్కెం దూరే చిల్లు కావాలి. వెడల్పు లెక్క ఒక్కో తయారీదారుకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి డబ్బాలో ఇచ్చే కాగితాన్ని చూడకుండా ఒక్క చెక్క కూడా కోయకండి. పాత సొరుగుకు దీన్ని అమర్చాలని కష్టపడటం నా దృష్టిలో దండగ.

తర్వాత చూసుకోవాల్సింది

ఏడాదికి రెండుసార్లు సొరుగు తీసి, పొడి బ్రష్‌తో ఛానల్ దులిపి, గుడ్డతో తుడిచేయండి. వంటనూనె, కుట్టుమిషన్ నూనె పోయకండి, వాటికి దుమ్ము అంటుకుని జిగటగా మారుతుంది. మరీ బిగువుగా అనిపిస్తే సిలికాన్ స్ప్రే కొద్దిగా కొట్టి తుడిచేస్తే చాలు. ఛానల్ లేకుండా చెక్క మీద చెక్క జారే పాత సొరుగులకైతే కొవ్వొత్తి రుద్దండి, అంతకన్నా మంచి మందు లేదు.

ఫుల్ ఎక్స్‌టెన్షన్ ఛానళ్లు వేశాక ఒక ప్రమాదం పెరుగుతుంది. ఎత్తయిన బీరువాలో రెండు మూడు సొరుగులు ఒకేసారి తెరిస్తే బరువంతా ముందుకొచ్చి బీరువా మీద పడొచ్చు. చిన్నపిల్లలు తెరిచిన సొరుగుల్ని మెట్లలా ఎక్కుతారు. పైభాగాన్ని ఎల్ ఆకారపు బ్రాకెట్‌తో గోడకు గట్టిగా బిగించండి. బరువైనవి కింది సొరుగుల్లో పెట్టండి. బ్రాకెట్ బిగించి, బీరువాను చేత్తో ముందుకు లాగి కదలడం లేదని చూసుకున్నాకే సామాను సర్దండి.